పచ్చ గుర్తు సాయం

"ఇంకోసారి అనండి సార్. 'మీకు మందులు నేను తెచ్చిపెడతాను' అని," అంది డాక్టర్ నజీమా.

వీరభద్రం గొంతు సవరించుకుని ఫోన్‌లోకి ఆ మాట చెప్పాడు. తెర మీద సన్నటి గీత వణికింది. క్షణం ఆగి ఎర్ర చుక్క వెలిగింది.

"తెచ్చే ఇష్టం మీకు లేదంటోంది."

"లేదు మరి! పనిచేస్తోందన్నమాట!" అన్నాడు వీరభద్రం సంబరంగా.

కాకినాడను ఊపిరి జ్వరం పట్టుకుని అప్పటికి రెండో ఏడు. సాగరతీరం కాలనీలో మూడొందల ఇళ్ళవాళ్ళూ 'ఇరుగుపొరుగు' అనే ఆన్‌లైన్ గ్రూపులో చేరారు. జ్వరమొచ్చిన వాళ్ళు అందులో ఓ వాయిస్ మెసేజ్ పెడితే, ఎవరో ఒకరు తెస్తామని చెప్పి, అన్నమో ఆక్సిజనో గుమ్మం ముందు పెట్టి వెళ్ళేవారు.

వీరభద్రానికి అదే మింగుడుపడలేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. తక్కెడ సరిగ్గా తూగితే ఇంకా ఎక్కువ అనుమానించే మనిషి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ప్రాణానికి తెగించి ఊరికే అన్నం పెడతారా? ఇళ్ళ గుట్టు లాగడానికేనని కొందరు, దీని వెనక మందుల కంపెనీ ఉందని కొందరు గుసగుసలాడుతున్నారు. చివరికి అతనే పూనుకుని, అదే కాలనీలో ఉండే ధ్వనిశాస్త్రవేత్త నజీమా చేత ఈ సాఫ్ట్‌వేర్ చేయించాడు.

"మనస్ఫూర్తిగా మాట్లాడితే స్వరతంత్రులు ఒక తీరుగా కంపిస్తాయి. మొహమాటంతోనో భయంతోనో మాట్లాడితే చెవికందని తేడా వస్తుంది. దాన్ని పట్టుకుని పచ్చ గుర్తో ఎర్ర గుర్తో వేస్తుంది," అని ఆమె వివరించింది. కాస్త ఆగి, "ఇది కొలిచేది ఇష్టాన్ని సార్, మంచితనాన్ని కాదు," అంది.

"రెండిటికీ తేడా ఏముంది డాక్టరుగారూ?" అన్నాడతను.

మర్నాటి నుంచి గ్రూపులో సాయం చేస్తామన్న ప్రతి గొంతు పక్కనా ఒక చుక్క కనబడసాగింది. మొదటి దెబ్బ ఆదిలక్ష్మికి తగిలింది. టిఫిన్ కొట్టు నడుపుకునే మనిషి, ఏడాదిగా నలభై ఇళ్ళకు క్యారేజీలు మోస్తోంది. ఆమె మెసేజ్ పక్కన ఎరుపు పడింది.

"అదీ సంగతి! ఏం ఆశించి తిరుగుతోందో," అని ఎవరో రాశారు. ఆ సాయంత్రమే ఆమె క్యారేజీలు ఆపేసింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ నోరు మెదపడం మానేశారు. నలుగురిలో ఎర్రబడడం ఎవరికి ఇష్టం?

పచ్చ గుర్తు తప్పకుండా పడేది ఒక్క పరాంకుశానికే. బ్యాంకు ఉద్యోగి, బంగారం లాంటి మనసు. "ఇప్పుడే వస్తున్నానండీ!" అని ప్రతివాళ్ళకీ నిండు మనసుతో చెప్పేవాడు. ఫోన్ పెట్టగానే నిండు మనసుతోనే మరిచిపోయేవాడు.

పదో రోజున వీరభద్రం భార్య సుభాషిణికి ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో మంచాలు ఖాళీ లేవు. అతనికీ ఒళ్ళు కాలిపోతోంది, మూడంతస్తులు దిగి సిలిండర్ తెచ్చే ఓపిక లేదు. గ్రూపులో అడిగాడు. పరాంకుశం జవాబిచ్చాడు. పచ్చ చుక్క! వీరభద్రం ఫోన్‌ను కళ్ళకద్దుకున్నాడు.

గంట గడిచింది. రెండు గడిచాయి. సుభాషిణి పెదాలు నీలంగా మారుతున్నాయి.

మెట్ల మీద ఇనుము కొట్టుకుంటున్న చప్పుడైంది. తలుపు తీస్తే ఆదిలక్ష్మి. మాస్కు వెనక రొప్పుతోంది, భుజాన సిలిండర్.

"నువ్వా..." అన్నాడు వీరభద్రం. ఆ స్థితిలోనూ నోరు ఊరుకోలేదు. "మనసొప్పే వచ్చావా అమ్మా?"

"ఒప్పలేదండి," అందామె. "చంటిపిల్ల ఉందండి నాకు. ఇంట్లోంచి బయలుదేరిన ప్రతిసారీ దానికి జ్వరం అంటిస్తానేమోనని భయం. మీ మీద కోపం కూడా ఉంది. జరగండి, అమ్మగారికి మాస్కు పెట్టాలి."

సుభాషిణి బతికింది.

లేచి తిరగగలిగిన రోజున వీరభద్రం నజీమా దగ్గరికి పరుగెత్తాడు. "తీసేయండి డాక్టరుగారూ. తప్పు నాది."

"నిన్న గ్రూపులో అదే అడిగాను సార్. ఓటింగు పెట్టాం. మూడొంతుల మంది ఉంచాల్సిందేనన్నారు. చుక్క లేకపోతే ఎవర్ని నమ్మాలో తెలియడం లేదట."

అతను నేరుగా ఆదిలక్ష్మి కొట్టుకు వెళ్ళాడు. బతిమాలితే ఆమె వంట మొదలుపెట్టింది. మోసే పని అతను తీసుకున్నాడు. 'అన్నం తెస్తున్నాను' అని గ్రూపులో చెప్పాడు. జ్వరం మళ్ళీ తగులుకుంటుందేమోనన్న భయం గుండెల్లో ఉండనే ఉంది. ఎర్ర చుక్క పడింది.

మొదటి క్యారేజీ పన్నెండో నంబరు ఇంటికి. రెండు రోజులుగా అక్కడ పొయ్యి వెలగలేదు. వీరభద్రం తలుపు తట్టాడు. కిటికీ తెర కొద్దిగా తొలిగింది. గుంటలు పడ్డ రెండు కళ్ళు అతన్ని ఎగాదిగా చూశాయి.

"ఎవరు? ఆ ఎర్ర చుక్క ఆయనేనా?"

"నేనేనండి. వేడన్నం, పప్పుచారు. ఇక్కడ పెట్టి వెళ్ళిపోతాను."

"అక్కర్లేదు బాబూ, తీసుకుపోండి," అంది లోపలి గొంతు నీరసంగా. "పరాంకుశంగారు తెస్తామన్నారు. నిన్న పొద్దున్నే చెప్పారు. పచ్చ గుర్తు మేం కళ్ళారా చూశాం."

తెర మూసుకుంది.