ప్రాసర్ గారి పొలంలో ఆంబోతు లేదు

"ఆంబోతు ఉంది, జాగ్రత్త" అని బోర్డు. బోర్డు వెనక పొలం. పొలంలో గొర్రెలు.

టామ్సిన్ బీవన్ గేటు మీద మోచేతులు ఆనించి ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది.

"ఏదండీ?"

కంచెకి తీగ బిగిస్తున్న కుర్రాడు తలెత్తాడు. "ఏది?"

"ఆంబోతు."

"పడుకుంది."

"ఎక్కడ?"

అతను పొలంలోకి చూశాడు. సాయం చేసేవాళ్లెవరూ కనపడలేదు. "గొర్రెల వెనక."

"గొర్రెల వెనక దాక్కునే ఆంబోతుకి ఇంత బోర్డెందుకండీ? ఇంతకీ దాని పేరేంటి?"

"క్లారెన్స్."

"లేని ఆంబోతు పేరు చెప్పి జనాన్ని బెదరగొడితే నేరమని క్లారెన్స్‌కి చెప్పండి. మళ్లీ శనివారం వస్తా. ఇంకో మాట. టౌన్లో మా కళ్లద్దాల దుకాణం ఉంది. ఓసారి వచ్చి చూపించుకోండి. మీకు లేనివి కనపడుతున్నాయి."

కుర్రాడు హ్యూ ప్రాసర్. పొలం అతని తండ్రి ఐవర్ ప్రాసర్‌ది. పొలం మధ్యలోంచి పోయే కాలిబాట మాత్రం ఊరందరిదీ. ఇంగ్లండులోని ఈ హెరిఫర్డ్‌షైర్‌లో సగం తగాదాలు ఈ ఒక్క ముక్కలోంచే పుడతాయి. మిగతా సగం హద్దు కంచెల్లోంచి పుడతాయి.

టామ్సిన్ వారమంతా దుకాణంలో కళ్లద్దాలు అమ్ముతుంది. శనివారం పసుపు కోటు వేసుకుని, కత్తెర పట్టుకుని ఊరి కాలిబాటలన్నీ నడుస్తుంది. ఎక్కడ ఏం విరిగిందో, ఏం పెరిగిందో, ఎవరు అడ్డం పెట్టారో కౌన్సిల్‌కి రాసి పంపుతుంది. జీతం లేదు. తిట్లు ఉన్నాయి.

ఆ శనివారానికి బోర్డు మాయమైంది. గాలికి పోయిందని హ్యూ ఇంట్లో చెప్పాడు. కానీ కంచె దాటే చెక్కమెట్టు ఊగుతోంది. టామ్సిన్ రాసింది. పై వారానికి మెట్టు బిగిసింది, దారి చూపే పసుపు బాణం తిరగబడింది. బాణాన్ని నమ్మి నడిచినవాళ్లు నేరుగా ప్రాసర్ల వంటింటికి పోతారు.

టామ్సిన్ వానలో నిలబడి ఆ బాణాన్ని చూసింది. పక్కనే ఫ్లాస్కుతో హ్యూ ఉన్నాడు. ఏ శనివారం చూసినా అక్కడే ఉంటున్నాడు.

"ఇదెవరి పని?"

"గాలి."

"స్క్రూలు విప్పి, తిప్పి, మళ్లీ బిగించిందా? మీ గాలికి స్క్రూడ్రైవర్ కూడా ఉందన్నమాట."

హ్యూ ఫ్లాస్కు మూత తిప్పాడు. మళ్లీ బిగించాడు. "టీ తాగుతారా?" అని అతను పొద్దున్నించీ గొర్రెల దగ్గర సాధన చేస్తున్నాడు. గొర్రెల దగ్గర బాగానే వచ్చింది.

"వాన," అన్నాడు.

"తెలుస్తోంది," అంది ఆమె. వెళ్లిపోయింది. తండ్రీకొడుకులు కలిసి బాట మూయించాలని చూస్తున్నారని ఆమె లెక్క. కౌన్సిల్‌కి అదే రాసింది. బాటకి అడ్డాలు తీయకపోతే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుందని కౌన్సిల్ ఐవర్‌కి రాసింది.

ఐవర్ ఆ ఉత్తరాన్ని నిలబడి ఓసారి, కూర్చుని ఓసారి చదివాడు. మెట్టు సంగతి, బాణం సంగతి ఆయనకి అర్థం కాలేదు. బోర్డు సంగతి అర్థమైంది.

"ఆంబోతు లేదంటారా? ఉంటుంది!" అని పశువుల సంతకి బయల్దేరాడు.

శనివారం టామ్సిన్ వచ్చేసరికి గేటుకి మళ్లీ బోర్డు. బోర్డు పక్కన ఐవర్, పెళ్లికొడుకు తండ్రిలా. కాస్త దూరంలో హ్యూ. పొలంలో నిజంగానే ఆంబోతు.

"చూశావా అమ్మాయ్? కళ్లద్దాలు అక్కర్లేదుగా?"

"అక్కర్లేదండీ. జెర్సీదా?"

"అచ్చమైన జెర్సీ. ఎలా ఉంది?"

"బాగుంది. పాడి జాతి ఆంబోతుని కాలిబాట ఉన్న పొలంలో వదలకూడదండీ. మాంసం జాతిదై, ఆవులు తోడుంటే పర్లేదు."

ఐవర్ కాసేపు ఆంబోతు వైపు చూశాడు. "అంటే, లేకపోతే నేరం. ఉన్నా నేరం."

"ఇది ఉంటే నేరం."

"నా పొలంలో నేనుంటే?"

"మీరు పాడి జాతి కాదు కదండీ."

ఆంబోతు తల దించుకుని గేటు వైపు నడిచొచ్చింది. ఐవర్ తన జీపు వెనక్కి నడిచాడు, తొందరేం లేనట్టు.

"మెట్టూ బాణం కూడా నా మీదే రాశావు. అవి నేను చేయలేదు!" అని జీపు వెనక నుంచి అరిచాడు.

"నేను చేశాను నాన్నా," అన్నాడు హ్యూ.

"నువ్వా? ఎందుకురా? నేను చెప్పందే?"

హ్యూ గేటుకేసి చూస్తూ చెప్పాడు. "ఏదో ఒకటి విరిగితేనే ఆవిడ వస్తారు."

ఇలాంటప్పుడు మాట మార్చడానికి ఈ దేశాన్ని ఆదుకునేది వానే. ఆ రోజు అది కూడా రాలేదు.

"టీకి రమ్మని అడగొచ్చుగా?" అంది టామ్సిన్.

"అడిగితే రానంటారేమోనని."

"అందుకని మీ నాన్నని కోర్టుకి పంపుదామనుకున్నారు. ఆ ఊగే మెట్టు మీంచి పెద్దావిడ మిసెస్ హాగెట్ పడింది, తెలుసా? మోకాలు వాచిపోయింది. ఈ బాటన చర్చికి రావడమే మానేసింది. ఆవిడ మోకాలితో ప్రేమలేఖ రాశారు మీరు."

హ్యూకి ఆ సంగతి తెలీదు.

"ఆవిడ దగ్గరికెళ్లి చెప్పండి. నెపం గాలి మీద పెట్టకుండా. తర్వాత ఆ మెట్టు పీకేసి ముద్దు గేటు పెట్టండి. ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు. ఆ తర్వాత నేను రావాలో లేదో చూస్తాను."

"టీ కూడా అడగరా," అన్నాడు ఐవర్. "కోర్టుకంటే టీ నయం."

హ్యూ అడగలేదు. ఆమె వెళ్లిపోయింది.

ముద్దు గేటంటే అర్ధచంద్రాకారపు కంచెలో అటూఇటూ ఊగే చిన్న తలుపు. మనుషులు ఒక్కొక్కరే దూరతారు, పశువులు దూరలేవు. తలుపు అంచు రెండు గుంజల్నీ తాకుతుంది కాబట్టి ఆ పేరని కౌన్సిల్ అంటుంది. ముందు దాటినవాళ్లు తలుపు పట్టుకుని, ముద్దిస్తే గానీ వెనకవాళ్లని వదలరు కాబట్టని ఊరంటుంది. కౌన్సిల్ మాట ఎవరూ నమ్మరు.

హ్యూ ముందు మిసెస్ హాగెట్ ఇంటికెళ్లాడు. ఆవిడ తలుపు తీసి, విని, మూసింది. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఈసారి కూర్చోబెట్టి పూర్తిగా తిట్టింది. తర్వాత అతను గుంజలు పాతి, తలుపు వేలాడదీశాడు. ఆంబోతు ఒక పాడి రైతు దగ్గరికి వెళ్లిపోయింది. బోర్డు మాత్రం ఐవర్ వంటింట్లో గోడకి కొట్టుకున్నాడు.

గేటులోంచి మొదట దాటింది మిసెస్ హాగెట్, చేతికర్రతో, ఆదివారం టోపీతో. "గుంజ నిటారుగా లేదు," అని చర్చికి పోయింది.

తర్వాత శనివారం టామ్సిన్ వచ్చింది. తలుపు ఊపి చూసింది, గొళ్లెం చూసింది, బాణం చూసింది. రాసుకుంది.

"ఏం రాశావు?" అన్నాడు హ్యూ. ‘మీరు’ పోయి ‘నువ్వు’ ఎప్పుడొచ్చిందో అతను గమనించలేదు. ఆమె గమనించింది.

"లోపాలు లేవు."

"అంటే ఇక వచ్చే ఏడాదే నువ్వొచ్చేది."

"తనిఖీకి వచ్చే ఏడాది. కాలిబాట మీద నడవడానికి కారణం అక్కర్లేదు హ్యూ. మీ నాన్నకి మంట అందుకేగా."

అతను గేటు దాటాడు. తలుపు వదల్లేదు.

"ఏమైంది?"

"కాస్త... బిగుసుకుంది."

"కొత్త గేటా? రాయమంటావా?"

"వద్దు. టీకి వస్తావా?"

ఆమె పుస్తకం జేబులో పెట్టింది. "వస్తా," అని అర్ధచంద్రంలోకి అడుగుపెట్టి, ఊరి లెక్క ప్రకారం సుంకం చెల్లించింది. చెల్లింపు త్వరగా అవలేదు.

పొలం అవతల ట్రాక్టర్ ఆగింది. ఐవర్ దాని మీద లేచి నిలబడ్డాడు. ఈ మాట అనడానికి ఆయనకి జీవితంలో ఇదే మొదటి అవకాశం. గొంతు సవరించుకుని అరిచాడు:

"ఒరేయ్! కాలిబాటకి అడ్డం నిలబడటం నేరంరా!"