తెల్లవైపు తిరిగిన బిళ్ళ

శవం బంగారు గనిలో, తొమ్మిదో లెవెల్లో దొరికింది. మధ్యాహ్నం 2.20.

గనిలో నీళ్లు తోడే పంపులు చూసే పంపు తాత. తల వెనక ఒకటే దెబ్బ. పక్కన గోడలో కొత్తగా తవ్విన గుంత. అందులో ఖాళీ సంచి, దాని మడతల్లో బంగారపు పొడి.

గని మూసేస్తున్నారు, ఈ సాయంత్రం ఆరింటికి పంపులు ఆపేస్తారు. తర్వాత గని నీళ్లపాలే.

ఇన్‌స్పెక్టర్ గేటు పక్కన బోర్డు చూశాడు. రెండువేల మేకులు. ఒకప్పుడు మేకుకో ఇత్తడి బిళ్ళ, మనిషికొకటి, ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు; మూడు షిఫ్టులు, కాలు పెట్టను చోటులేని బజారు. బంగారం అడుగంటింది. మిగిలినవి ఆరు బిళ్ళలు.

దిగేవాడు తన బిళ్ళ ఎర్రవైపు తిప్పాలి. పైకొచ్చాక తెల్లవైపు. తాత బిళ్ళ తెల్లగానే ఉంది. అందుకే నిన్న ఎవరూ వెతకలేదు.

నిన్న షిఫ్టు ముగిసిన నాలుగింటికి అక్కడున్నది ముగ్గురే. తాత, మనుషుల్ని దించే కేజ్‌ని పైనుంచి ఇంజన్‌తో లాగే వైండింగ్ డ్రైవరైన ఆయన అల్లుడు, షిఫ్టు మేస్త్రీ.

తాను నాలుగింటికే ఇంటికి వెళ్లానన్నాడు మేస్త్రీ. 4.50కి కిందినుంచి గంట మోగితే కేజ్ పైకి లాగానని, ఇంజన్ గదిలోంచి మనిషి కనబడడని, వచ్చింది మామగారే అనుకున్నానని డ్రైవర్ చెప్పాడు.

ఎస్సై నమ్మలేదు. డ్రైవరే నిచ్చెన దారిన దిగి చంపి ఉంటాడని బేడీలు తీశాడు.

డ్రైవర్ భార్య అడ్డం వచ్చింది. "నాన్న ఎలాగూ రారు. ఈయన్నైనా మిగల్చండి సార్."

5.20. ఇన్‌స్పెక్టర్ తాత బిళ్ళను ఎర్రవైపు తిప్పాడు. గేటు తాళం వేయమని డ్రైవర్‌ని పిలిచాడు. అతను బోర్డు వైపు చూడనే లేదు. వేసేశాడు.

"మేస్త్రీగారూ, ఓసారి మీరు వేయండి."

మేస్త్రీ కుడిచేత్తో తాళం అందుకున్నాడు. ఎడమచెయ్యి దానంతటదే బోర్డు మీదికి పోయింది. ఎర్రబిళ్ళ తెల్లగా తిరిగింది. తాళం పడింది.

"ఎవరి బిళ్ళ అది?"

మేస్త్రీ అప్పుడు చూశాడు.

"అలవాటు సార్. షిఫ్టు అయ్యాక ఎవడో ఒకడు బిళ్ళ తిప్పడం మర్చిపోతాడు. ముప్పై ఏళ్లుగా నేనే తిప్పుతున్నా. ఎరుపు ఉంటే నాకు తాళం వేయబుద్ధి కాదు."

"నిన్న కూడానా? చచ్చినవాడు తన బిళ్ళ తిప్పుకోలేడు. 4.50కి కేజ్‌లో పైకొచ్చి దాన్ని తిప్పింది మీరే. డ్రైవర్ ఏనాడూ గనిలోకి దిగే మనిషి కాదు, అతని చేతికి ఆ అలవాటే లేదు."

మేస్త్రీ తాళంచెవిని ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు.

"గోడలో దొరికిన బంగారం సంచి ఆఫీసులో అప్పజెప్పేద్దాం అన్నాడండీ తాత. అంతే అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ ఎడమచేతినే చూస్తూ ఉండిపోయాడు. ఎందరినో క్షేమంగా ఇంటికి పంపిన చెయ్యి. దేవుడు దాని చేతే సాక్ష్యం చెప్పించాడా?

తాత ఇంకా కిందే ఉన్నాడని అతను బిళ్ళను మళ్లీ ఎర్రవైపు తిప్పాడు.

5.50. గంట మోగింది. అల్లుడు కేజ్‌ని మెల్లగా, కుదుపు లేకుండా పైకి లాగాడు. స్ట్రెచర్ బయటికి వచ్చింది.

కూతురు బోర్డు దగ్గరికి నడిచింది. నాన్న బిళ్ళను తన చేత్తో తెల్లవైపు తిప్పింది.

పంపులు ఆగాయి.