ఎడమ నుంచి ఆరో కుండీ

"అది మొక్కండీ! బరువు రాయి కాదు!"

ఆ కేకకి బైండరు చేతిలో జిగురు బ్రష్షు జారి చొక్కా మీద పడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో లైబ్రేరియన్ నిలబడి ఉంది. భుజాన బ్యాగు ఇంకా దించలేదు, అప్పుడే ఒంటికాలి మీద లేచింది.

లైబ్రరీకి మరమ్మతులని ఆరు వారాలు తలుపులు మూసేశారు. ఈలోగా చిరిగిన మూడొందల పుస్తకాలకు కొత్త అట్టలు వేయమని బైండరును పిలిచారు. అతను ముందురోజే వచ్చి వెనక గదిలో బల్ల వేసుకున్నాడు. కొత్తగా అంటించిన అట్టలు లేవకుండా పైన బరువు పెట్టాలి. తెచ్చుకున్న ఇనప దిమ్మలు చాలలేదు. కిటికీ గట్టు మీద ఆరు కుండీలు కనిపించాయి. వాటిలో పొట్టిగా, బరువుగా, దిట్టంగా ఉన్నదాన్ని తెచ్చి పుస్తకాల మీద పెట్టాడు.

"నాలుగు గంటలు కదలకుండా ఉంటే చాలండీ. మొక్క ఎలాగూ కదలదు కదా," అన్నాడు సర్దిచెబుతున్నట్టు.

"మీ నెత్తిన పెట్టుకోండి, కదలకుండా!"

కోపంలో ఉన్న అమ్మాయి ఇంకా అందంగా ఉంటుందని కథల్లో రాస్తారు. మన బైండరుకు ఆ క్షణంలో అలాంటిదేమీ తోచలేదు. భయపడ్డాడు, అంతే. కుండీని రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి ఆమెకే ఇచ్చాడు.

ఆమె దుప్పట్టా కొసతో ఆకులు ఒక్కొక్కటీ తుడిచింది. చిన్న చిన్న ఆకులు, బొద్దుగా, నున్నగా ఉన్నాయి. "ఇది మా నాన్న కుండీ," అంది ఈసారి మెల్లగా. "ఇంకెప్పుడూ ముట్టుకోకండి."

ముట్టుకోకుండా ఉండే భాగ్యం అతనికి రెండు రోజులే దక్కింది.

మూడోరోజు ఆమె తల్లికి మోకాలి ఆపరేషన్ ఖాయమైంది. ఆపరేషన్ వేరే ఊళ్ళో, విశ్రాంతి ఆరు వారాలు, తోడుగా కూతురు వెళ్ళక తప్పదు. మొక్కల్ని ఎవరికి అప్పగించాలి? అటెండరు పెద్దాయన ముందే చేతులెత్తేశాడు.

"నా కళ్ళకి అన్నీ పచ్చగానే ఉంటాయమ్మా. ఎండినా పచ్చే, పండినా పచ్చే. ఆ బైండరు బాబుకి చెప్పండి."

ఇష్టం లేకపోయినా ఆమె ఒక కాగితం రాసి బైండరు చేతికిచ్చింది. లైబ్రేరియన్ కదా, పేర్ల జోలికి పోకుండా వరుస నంబర్లు వేసింది. ఎడమ నుంచి ఒకటోది, రోజూ గ్లాసెడు నీళ్ళు. రెండోది, రెండు రోజులకోసారి. అలా తగ్గుతూ పోయి, ఐదోది పదిహేను రోజులకోసారి, ఆరోది మూడు వారాలకోసారి, అదీ అరగ్లాసే.

"అర్థమైందా?"

"పుస్తకానికి పేజీలు కుట్టేవాణ్ణండీ. వరుస తప్పను."

ఆమె వెళ్ళిన మర్నాడే అతనికి బుద్ధి పుట్టి గట్టంతా శుభ్రం చేశాడు. కుండీలు దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ ముచ్చటగా సర్దాడు. ముచ్చట అంటే బైండరు ముచ్చట. పొట్టివి ఎడమ కొసన, పొడుగువి కుడి కొసన. పుస్తకాలను అలా కాక ఇంకోలా పేరిస్తే అట్టలు వంగిపోతాయి. పదేళ్ళుగా అతని చేతులకు వేరే వరుస తెలియదు. స్కేలు పెట్టి మరీ కొలిచి సర్దాడు.

దాంతో ఆరో కుండీ, అంటే నాన్న కుండీ, ఒకటోదయింది. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె ఫోన్ చేసేది.

"ఒకటోది?"

"రోజూ గ్లాసెడు పోస్తున్నానండీ. కిందకి కారేదాకా."

"మంచిది. ఐదోది?"

"కొంచెం అలిగినట్టుంది. తల వేలాడేస్తోంది."

"అది మొండిది. పట్టించుకోకండి. నీళ్ళు మాత్రం పోయకండి. మా నాన్న కుండీ?"

"నిగనిగలాడుతోందండీ. ఆకులు ఇంకా బొద్దుగా అయ్యాయి."

ఆమె హాయిగా నవ్వింది. ఆ నవ్వుకు అతనికి ఆరోజు కుట్లన్నీ వంకర పోయాయి.

మొదటి వారం మాటలు మొక్కల దగ్గరే ఆగాయి. రెండో వారానికి తల్లి మోకాలి మీదకు, అటెండరు గురక మీదకు పాకాయి. ఒకరోజు ఆమె నాన్న గురించి చెప్పింది. ఆయన ఆఫీసులో ఎవరి బల్ల మీదో ఉన్న మొక్క నుంచి రాలిన ఆకును చొక్కా జేబులో వేసుకొచ్చాడట. పగిలిన టీ కప్పులో పెట్టాడట.

"ఒక్క ఆకండీ. పదేళ్ళలో ఇంత మొక్కయింది. ఆయన పోయి రెండేళ్ళు. ఇంట్లో ఎండ సరిపోదని లైబ్రరీకి తెచ్చుకున్నాను. రోజూ పొద్దున్న దాన్ని చూస్తేనే నాకు పనిలో చేయి ఆడుతుంది."

"నేను చూసుకుంటానుగా," అన్నాడతను. మనస్ఫూర్తిగా అన్నాడు.

ఫోన్‌లో ఆమె వెనకనుంచి తల్లి గొంతు వినిపించింది. "మొక్కల గురించి గంటసేపా? మీ నాన్న నాతో పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు మాట్లాడలేదే!"

ఫోన్ టక్కున ఆగిపోయింది. బైండరు చెవులు ఎర్రబడ్డాయి. అటెండరు పెద్దాయన పేపరు వెనక నుంచి తొంగి చూసి, "ఎండ ఎక్కువైందా బాబూ?" అన్నాడు. బయట వాన పడుతోంది.

మూడో వారం చివర, ఒకరోజు పొద్దున్న అతను తలుపు తీసేసరికి నాన్న కుండీ చుట్టూ ఆకులు రాలి ఉన్నాయి. వేలితో తాకితే కాండం మెత్తగా లోపలికి దిగింది. నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఇంకో గ్లాసు పోశాడు, పాపం.

నాలుగింటికి ఫోన్ మోగింది. "నాన్న కుండీ?"

"బాగుందండీ," అన్నాడు.

ఆ ఒక్క మాటకి రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు కుండీని చంకన పెట్టుకుని నర్సరీకి పరుగెత్తాడు. నర్సరీవాడు మట్టి కెలికి, ముక్కు మూసుకున్నాడు.

"వేళ్ళు కుళ్ళిపోయాయండీ. దీనికి రోజూ నీళ్ళు పోసిన మహానుభావుడెవరు?"

"కాగితంలో అలాగే ఉంది..."

"ఏం కాగితమో ఏమో! ఇలాంటిదే ఇంకోటి ఇస్తాను, తీసుకెళ్ళి అదే కుండీలో పెట్టేయండి. బ్రహ్మదేవుడు కూడా పోల్చుకోలేడు."

అచ్చం అలాంటిదే. పొడుగూ అంతే. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ జేబులో ఆకు వేసుకొచ్చిన ఆ పెద్దమనిషి గుర్తొచ్చాడు. తీసిన మొక్కను తీసిన చోటే పెట్టేసి, ఆ చచ్చిన మొక్కతోనే తిరిగొచ్చాడు.

అటెండరు కుండీ వంక ఎగాదిగా చూశాడు. "అమ్మాయిగారు దీన్ని ఎప్పుడూ ఆ కొసన పెట్టేవారు కదా బాబూ. ఈ కొసకెలా వచ్చింది?"

బైండరు కాగితం చూశాడు. గట్టు చూశాడు. స్కేలు చూశాడు. ఆమె దాహాన్ని బట్టి పేర్చింది. తను పొడుగును బట్టి పేర్చాడు. మూడు వారాలుగా ఒకదాన్ని ముంచుతున్నాడు, ఇంకోదాన్ని మాడుస్తున్నాడు.

ఆరోజు నాలుగు దాకా ఆగలేదు. తనే ఫోన్ చేశాడు. వరుస మార్చింది చెప్పాడు. నిన్న అబద్ధమాడింది చెప్పాడు. నర్సరీలో ఇంకో మొక్కను చేతిలోకి తీసుకున్న సంగతి కూడా దాచలేదు.

"సరే," అంది ఆమె. ఫోన్ పెట్టేసింది.

మర్నాడు నాలుగైంది. ఫోన్ మోగలేదు. ఆ మర్నాడూ అంతే. మూడు వారాలు అతను నాలుగింటికి పని ఆపి, చేతులు కడుక్కుని, ఫోన్ ముందు కూర్చున్నాడు. ఐదింటికి లేచాడు. ఇంతకుముందు అతని సాయంత్రాల్లో ఏముండేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఆ అమ్మాయంటే తనకి ప్రాణమని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, ఆమె నాన్న మొక్కను చంపింది తన చేతులే కదా అనుకున్నాడు.

పుస్తకాలు మాత్రం పూర్తయ్యాయి. చివరి కట్ట అంటించి, పైన ఇనప దిమ్మ పెట్టినరోజే ఆమె వచ్చింది. గొడుగు తడి తడిగా గుమ్మంలో ఆనించి, అతని వైపు చూడకుండా నేరుగా కిటికీ దగ్గరకు నడిచింది.

కుండీలు మళ్ళీ దాహం వరుసలో ఉన్నాయి. ఈసారి ఏ కుండీ చీటీ ఆ కుండీకే అంటించి ఉంది, చక్కగా అట్ట వేసి. నీళ్ళు చాలక ఎండిపోయిన ఫెర్న్ మొక్క మధ్యలోంచి కొత్త చిగుళ్ళు చుట్టలు విప్పుకుంటున్నాయి. ఆరో కుండీలో వట్టి మట్టి.

ఆమె ఆ మట్టి మీద చెయ్యి వేసింది. అలాగే నిలబడిపోయింది.

"తిట్టండి," అన్నాడతను. "మొదటిరోజు తిట్టినట్టు."

"మొదటి రెండు రోజులు తిట్టుకుంటూనే ఉన్నాను, మీకు వినబడలేదంతే." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాన్న పోయినప్పుడు అమ్మను పట్టుకోవాలని నేను ఏడవలేదు. ఇప్పుడు రెండేళ్ళది కలిపి ఏడ్చాను. ఆ తర్వాత కాగితం గుర్తొచ్చింది. పేర్లు రాయకుండా నంబర్లు వేసింది నేనే కదా. సిగ్గేసింది. ఫోన్ చేద్దామంటే వంక లేదు. మొక్క ఎలా ఉందని అడగను?"

"ఎలా ఉన్నావని నన్ను అడగొచ్చుగా," అనేసి, ఆ మాట ఎలా వచ్చిందో తెలియక నాలుక కరుచుకున్నాడు. కంగారుగా బల్ల సొరుగు లాగి, పుస్తకం ఆకారంలో ఉన్న ఒక అట్టపెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మా పనిలో ఒక పద్ధతుందండీ. ఊడిపోయిన పేజీని పారేయకూడదు. నంబరు వేసి దాచిపెట్టాలి. ఆరోజు రాలిన ఆకుల్ని కూడా అలవాటుకొద్దీ దాచాను. నీళ్ళు మాత్రం చుక్క పోయలేదు. భయమేసింది."

ఆమె మూత తీసింది. లోపల కాగితం గళ్ళలో పదకొండు ఆకులు, పదకొండు నంబర్లు. నాలుగు ముడుచుకుపోయాయి. మిగతా ఏడింటికి తెగిన చోట గులాబీరంగు దారాల్లాంటి వేళ్ళు. వాటిలో మూడో నంబరుకి బియ్యపు గింజంత మొలక వచ్చింది.

"నీళ్ళు పోయకపోవడమే దీనికి కావాలండీ," అంది ఆమె. "నాన్న ఒక్క ఆకుతో మొదలుపెట్టాడు. మీరు ఏడు దాచారు."

"మీ నాన్నగారి మొక్క పోయిందనే ఈ మూడు వారాలు కుమిలిపోయాను. అది నిజం. కానీ నాలుగింటికి ఫోన్ ముందు కూర్చుంది మొక్క కోసం కాదండీ. మీ కోసం."

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో ఆమె బ్యాగులో ఫోన్ మోగింది. ఎత్తగానే తల్లి గొంతు గదంతా వినబడింది.

"నాలుగైంది! ఈపాటికి ఇద్దరూ ఒకేచోట ఉండుంటారులే. ఆ అబ్బాయికి చెప్పు, నిజం చెప్పే మనిషంటే నాకు ఇష్టమని. మోకాలు పూర్తిగా నయమవగానే నేనే వచ్చి ఆ కుండీలనీ, ఆ అబ్బాయి ఇంటివాళ్ళనీ చూసి వెళ్తాను."

గుమ్మంలో అటెండరు పెద్దాయన దగ్గాడు. "అయితే టీ మూడు చెప్పనా అమ్మాయిగారూ?" సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆమె బీరువాలోంచి పిడికిలంత కుండీ తీసి, పొడిమట్టి నింపి, మూడో నంబరు ఆకును పైన మెల్లగా పడుకోబెట్టింది. తర్వాత బల్ల దగ్గరకు వచ్చి, ఆరుతున్న పుస్తకాల మీది ఇనప దిమ్మ పక్కన ఆ కుండీని పెట్టింది.

అతను నోరు వెళ్ళబెట్టాడు. "మొక్కండీ, బరువు రాయి కాదు!"

"తెలుసు."

"దీని బరువెంతని? ఇదొక్కటే ఉంటే అట్టలు లేచిపోతాయి."

"పెరుగుతుందిగా."

"ఏళ్ళు పడుతుందేమో."

"పదేళ్ళు పట్టొచ్చు," అందామె, అతని కళ్ళలోకి సూటిగా చూసి. "మీకేమైనా తొందరుందా?"

బైండరు ఇనప దిమ్మను రెండు చేతులా ఎత్తి బల్ల కింద పెట్టేశాడు.

"లేదండీ," అన్నాడు.