జల్లాఖ్ మేడలో నీలం గౌను

జల్లాఖ్‌లో సముద్రం ఒడ్డునున్న ఆ పసుపు మేడ పేరెత్తితే అరబ్బు దేశానికి పనికొచ్చి గుదైబియాలో ఉండే మనవాళ్ళు గొంతు తగ్గించేవారు. అమెరికా దొర అద్దెకుండే ఇల్లది. దొరసాని ఒకే క్షణంలో వంటింట్లోనూ ఉంటుంది, డాబా మీదా ఉంటుందట! అప్పటికే ఇద్దరు పనిమనుషులు పారిపోయొచ్చారు.

తొంభై నాలుగులో ఆ మేడకి మరియమ్మ వంతొచ్చింది. "నువ్వూ పారిపోయొచ్చావో... ఖలాస్, విమానం ఎక్కిస్తా" అని వీసా ఇచ్చి తెచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, ముందే బెదిరించాడు. కూతురి నర్సింగు చదువు ఇంకా రెండేళ్ళుంది. దెయ్యమైనా సరే, కదలకూడదనుకుంది.

చీకటి పడింది. వంటింట్లో దొరసాని రొట్టెల పిండి పిసుకుతోంది — మెడ నుంచి నేల దాకా నీలం గౌను, నడుం దాటిన జడ.

మరియమ్మ ఆరిన బట్టలు తేవడానికి డాబా ఎక్కింది. అక్కడ... దండెం పక్కన... అదే గౌను, అదే జడ!

పడుతూ లేస్తూ దిగింది. కింద దొరసాని పిండి పిసుకుతూనే ఉంది.

"ప్రభువా... ప్రభువా..." అని గొణుక్కుంది. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగుంటాయని చర్చికెళ్ళేవాళ్ళకి మాత్రం తెలీదా? చూద్దామంటే గౌను నేల ఊడుస్తోంది. కావాలనే గరిటె జారవిడిచి, వంగి, అంచు పైకెత్తింది.

దొరసాని కెవ్వుమంది!

ఆ కేకకి డాబా మీంచి ఒక దొరసాని, పడగ్గదిలోంచి ఇంకో దొరసాని పరిగెత్తుకొచ్చారు. ఒకే తానులో కోసిన గౌన్లు. ఆరు పాదాలూ ముందుకే ఉన్నాయి.

వెనకే దొర వచ్చాడు. "ముగ్గురూ నా భార్యలే... బయట చెప్పకు" అన్నాడు గుసగుసగా.

వాళ్ళు మోర్మన్లనే అమెరికా క్రైస్తవ శాఖ పాత ఆచారం పట్టుకున్నవాళ్ళట. ఎక్కువమందిని పెళ్ళాడడం పెద్ద చర్చి నూరేళ్ళ కిందటే మానేసింది. వీళ్ళ వంశం మానలేదు, వెలిపడింది. దొర చిన్నప్పుడు పోలీసులు తెల్లవారకముందే ఊరి మీద పడి వాళ్ళ నాన్నని పట్టుకుపోయారు. ఆ భయంతోనే ముగ్గురికీ ఒకే వేషం, బయటికి ఒక్కొక్కరే. ఈ దేశంలో నలుగురిని చేసుకున్నవాళ్ళు దర్జాగా తిరుగుతుంటే, ఈయన ముగ్గురితో దాక్కున్నాడు పాపం!

మరియమ్మకి ప్రాణం లేచొచ్చింది. నవ్వాగలేదు.

అప్పుడు పెద్ద దొరసాని టేపు తెచ్చి ఆమె భుజాలు కొలవసాగింది. చిన్నావిడ నీలం తాను విప్పింది. "నీకూ ఒకటి కుడతాం" అంది ప్రేమగా.

"పని... పని చేసేటప్పుడు వేసుకోడానికా అమ్మా?"

ముగ్గురూ దొర వైపు చూసి ముసిముసిగా నవ్వారు...

తెల్లారేసరికి మరియమ్మ కఫీల్ గుమ్మంలో ఉంది, ఆయాసపడుతూ.

"దెయ్యమేనా? విమానం ఎక్కించమంటావా?" అని గర్జించాడాయన.

"ఎక్కించండి సార్! దెయ్యమే అయితే ఉండిపోయేదాన్ని... ఊళ్ళో నాకు మొగుడున్నాడు!"