ఎర్రిస్వామి మద్దెల క్యాసెట్టు

మాది రొద్దం దగ్గర పల్లె. ఐదో తరగతి వరకే చదివాను. పదిమందిలో నోరు తెరిచే అలవాటు లేదు. ఆ ఒక్కసారి తెరిచాను.

తొంభై ఏడు, శ్రావణమాసం. పెనుకొండలో ఒక పెళ్లికి కోలాటం వేస్తామని ఒప్పుకున్నాం. ఆడోళ్లం పన్నెండు మంది. మద్దెల వాయించే ఎర్రిస్వామన్న దగ్గు ముదిరి హిందూపురం ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన వాయింపు కిందటేడే క్యాసెట్టులో పట్టి పెట్టుకున్నాం. ఆట సరిచూసుకుందామని పొద్దు గుంకేముందు మా ఊరి పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నాం.

"టేపు పెట్టుకుంటే పోలా? అది దగ్గదు, కాఫీ అడగదు," అంది మా జట్టు పెద్ద నాగేంద్రమ్మ.

"టేపుకు కండ్లుండాయేమే? మన కాలు తప్పితే ఆయప్ప దెబ్బ నిదానం చేస్తాడు. అది చేస్తాదా?" అంది జట్టులో అందరికంటే వయసైన పెద్దక్క.

సగం మంది అటు, సగం మంది ఇటు. అందరూ నా వైపు చూశారు.

నా కూతురు మల్లికకు అప్పుడు పద్నాలుగేండ్లు. కోలాటమంటే ప్రాణం. మాలో కొత్త పిల్ల కోలలు మద్దెలకు తాకించి మొక్కి వరసలో దిగుతుంది. ఆట ముగిశాక మద్దెలాయన "చాలు తల్లీ" అనాలి. అప్పుడే కాలు ఆపాలి. ఎర్రిస్వామన్న మల్లికను దిగనీయలేదు. "ఇంకో ఏడాది ఆగనీ నరసమ్మా. ఈ పిల్లను ఆట పట్టుకుంటే వదలదు," అన్నాడు.

టేపు అడ్డం చెప్పదు కదా అనుకున్నాను.

"టేపే పెట్టుకుందాం," అన్నాను.

మల్లిక టేపురికార్డరుకు కోలలు తాకించి మొక్కింది. నాగేంద్రమ్మ నవ్వింది. "దీవిస్తాది లే అది కూడా."

దీపాలు పెట్టే వేళ. పులిసిన పాల వాసన. ట్యూబులైటు చుట్టూ పురుగులు. క్యాసెట్టు గరగరమంది, తర్వాత మద్దెల మొదలైంది. మెల్లగా, తర్వాత జోరుగా. మల్లిక ఒక్క దెబ్బ తప్పలేదు.

కరెంటు పోయింది.

ట్యూబులైటు ఆరింది. టేపు మీది ఎర్రదీపం ఆరింది. మద్దెల మాత్రం ఆగలేదు.

మేం కోలలు దించేశాం. చీకట్లో ఒక్క జత అడుగులు... ఒక్క జత కోలలు...

"మల్లికా..."

"అమ్మా... చాలనమను."

"ఎవరినే?"

"కాళ్లు ఆగడం ల్యా... చాలనమను..."

చాలన్నాను. నాగేంద్రమ్మ అంది. అందరూ అన్నారు. ఆగలేదు.

పెద్దక్క తడుముకుంటూ పోయి క్యాసెట్టు పెరికింది. మద్దెల నిలిచింది. అడుగులు నిలవలేదు. ఇద్దరు పట్టుకుంటే ఇద్దరినీ లాక్కునిపోయింది.

అంతలో రొద్దం నుంచి సైకిలు మీద మనిషి వచ్చాడు. హిందూపురం నుంచి ఫోనొచ్చిందంట. దీపాలు పెట్టే వేళకే ఎర్రిస్వామన్న పోయినాడంట.

నేను ఏడ్వలేదు. ఇంక చాలనే మనిషి లేడు, అని మాత్రం అనుకున్నాను.

తెల్లారి మల్లిక పడిపోయింది. మంచం మీద కూడా మడమలు కొట్టుకుంటూనే ఉన్నాయి. నరాల జబ్బు అన్నాడు డాక్టరు. ధర్మవరంలో మగ్గం నేసే మారుతి తెలిసే చేసుకున్నాడు. మల్లికా మగ్గం తొక్కేది, ఆ గుంతలో కాళ్లాడితే ఎవరూ అడగరు. నిద్రలోనూ ఆడేవి. చూడను పోయినప్పుడల్లా నేను కాళ్ల దగ్గర కూర్చుని పట్టుకునేదాన్ని. ఆ రాత్రి నుంచి ఎనిమిదేండ్లు ఇదే.

పోయిన నెల కాన్పయ్యాక చూడపోయాను. మధ్యాహ్నం. మల్లిక చాప మీద పడుకుని ఉంది. కాళ్లు కదలడం లేదు. ముట్టుకుని చూశాను. కదలలేదు.

కండ్లు తెరిచి నవ్వింది.

"చాలన్నాడమ్మా."

"ఎప్పుడు?"

"పొద్దున. ఉయ్యాల కాడ నిలబడి అన్నాడు."

నేను లేచి ఉయ్యాల దగ్గరికి పోయాను. బిడ్డ మేలుకునే ఉంది. ఏడ్వడం లేదు. ఇరవై దినాల బిడ్డ. గుడ్డ తీసి అరికాళ్లు చూశాను.

మట్టి అంటుకుని ఉంది. కొంగుతో తుడిచాను. వెచ్చగా ఉంది, అప్పుడే ఆట ఆడి వచ్చినట్టు.