లూసియా చేసిన బేరం

"ఇదే నా చివరి క్లాసు భవిత గారూ. బర్నబీలో ఇక్కడికంటే పెద్ద జాబ్ వచ్చింది. సాయంత్రంలోపు ఎస్ చెప్పాలి."

గొడుగు దులుపుకుంటూ ఇంత మాట చెప్పేసి, గోపీకృష్ణ లోపలికి వెళ్లి అదే కబురు ఇంగ్లీషులో క్లాసు మొత్తానికీ చెప్పాడు. భవిత చేతిలోని మార్కర్ జారి కిందపడింది. వాటర్లూ ఎక్కడ, బర్నబీ ఎక్కడ! కెనడా దేశానికి ఆ చివర.

"కంగ్రాట్స్," అంది వెనకాలే వెళ్లి.

ప్రతి శనివారం ఉదయం ఆమె స్పానిష్ మాట్లాడేవాళ్లకు బిజినెస్ ఇంగ్లీషు నేర్పుతుంది. ధర ఎలా అడగాలో, మర్యాదగా ఎలా కాదనాలో అన్నీ చెబుతుంది. బేరాల ప్రాక్టీసులో అవతలి పార్టీగా కూర్చోవడానికి వస్తుంటాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గోపీకృష్ణ. వచ్చిన మొదటిరోజే, మెక్సికో నుంచి వచ్చిన రవూల్ అడిగిన డిస్కౌంటల్లా ఇచ్చేశాడు.

"అడగ్గానే ఇచ్చేస్తే ఇక బేరమెందుకండీ?" అని భవిత అందరి ముందూ ఏకిపారేసింది. "అవసరం ముందు బయటపెట్టినవాళ్లు ఓడినట్టే!"

మహానుభావుడు ఆ మాట బాగా గుర్తుపెట్టుకున్నాడు. ఆవిడా అంతే. అక్కడే వచ్చింది చిక్కంతా! నెలల తరబడి వాన గురించీ, పులిహోరలో పులుపు గురించీ మాట్లాడుకున్నారే గానీ, అసలు సంగతి ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

ఆ రోజు ఫైనల్ టెస్టు. ఎవరికి నచ్చిన బేరం వాళ్లు చేయవచ్చు. మధ్యలో టీచర్ నోరెత్తకూడదు. ఆ రూలు పెట్టిందీ భవితే.

కొలంబియా అమ్మాయి లూసియా వచ్చి గోపీకృష్ణ ఎదురుగా కూర్చుంది. గొంతు సవరించుకుని, నేర్చుకున్న ఇంగ్లీషులో నెమ్మదిగా మొదలుపెట్టింది.

"సర్, నేను నా క్లయింట్ తరఫున వచ్చాను. మీరు బర్నబీ వెళ్లకుండా ఆగాలంటే మీకేం కావాలి?"

భవిత నిర్ఘాంతపోయింది.

"క్లయింట్ ఎవరు?" అన్నాడు గోపీకృష్ణ, తెల్లమొహం వేసి.

లూసియా వేలు సరాసరి భవిత వైపు తిరిగింది.

"లూసియా! ఏంటిది?"

"టీచర్, రూల్!" రవూల్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"నా క్లయింట్ నోరు తెరిచి ఏమీ అడగలేదు సర్," అంది లూసియా. "కానీ పులిహోర అందరికీ తెస్తుంది, జీడిపప్పులు మాత్రం మీ ప్లేట్‌లోనే పడతాయి. మేమంతా ఎప్పటినుంచో చూస్తున్నాం."

భవితకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఓరి దేవుడా, అందరికీ తెలుసా!

గోపీకృష్ణ తల వంచి, బల్ల మీది పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

"ఆవిడ ఒక్కసారి ఉండమంటే చాలు," అన్నాడు. "ఇంకే షరతూ లేదు."

"సర్! మొదటి ఆఫర్‌లోనే అంతా ఇచ్చేశారే!" లూసియా కంగారుపడింది.

"నాకు బేరమాడటం రాదని మీ టీచర్‌కి మొదటిరోజే తెలుసు."

తలెత్తి చూశాడు. భవిత గోడ గడియారం వైపు చూసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే సాయంత్రానికల్లా మనిషి చేజారిపోతాడు. గబుక్కున లేచి నిలబడింది.

"టీచర్, రూ..."

"రూలూ లేదు, గీలూ లేదు!" అని తెలుగులోకి దిగిపోయింది. "గోపీ, వెళ్లకు. నువ్వు రాకపోతే నాకీ శనివారాలే వద్దు."

గోపీకృష్ణ నోరెళ్లబెట్టాడు. "భవిత గారూ, నన్ను... నువ్వన్నారు!"

"అన్నాను. ఇంకా మీరు, గీరు అంటూ కూర్చుంటావా?"

తెలుగు ముక్క అర్థం కాకపోయినా క్లాసంతా చప్పట్లు కొట్టింది. రవూల్‌కి మాత్రం పాఠం మీదే ధ్యాస.

"టీచర్, ఇద్దరూ అవసరం బయటపెట్టేశారు. మరి ఓడిందెవరు?"

"ఇద్దరమూ!" అంది భవిత. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

గోపీకృష్ణ ఫోన్ తీసి బర్నబీ వాళ్ల మెయిల్ తెరిచాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే రాసిపెట్టు," అన్నాడు. "మర్యాదగా ఎలా కాదనాలో నీకే కదా తెలుసు."