మున్నీ అనని మాట

శనివారం పొద్దున జైనబీ చేసిన ఉప్మాలో ఉప్పు లేదు. రవ్వంత ఉప్పు తగ్గితే కంచం పక్కకు నెట్టే ఖాదర్‌వలి ఆ వేళ మారుమాట లేకుండా తిన్నాడు. అతని చెల్లెలు మున్నీ కూడా తిని చెయ్యి కడుక్కుంది. ఐదేళ్ళ దానిష్ మాత్రం ఉన్నమాట అనేశాడు.

"అమ్మా, ఇది చప్పగుండాది."

జైనబీ వాడి గిన్నెలో చక్కెర చల్లి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటికే తోమిన బాణలిని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

ఒమన్‌లోని మబేలాలో ఒక పాత విల్లాను నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చారు. అందులో వెనక పోర్షన్ వీళ్ళది. ఖాదర్‌వలి నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. మున్నీ ఎనిమిదేళ్ళుగా రుసైల్‌లో ఒక ప్యాకింగ్ కంపెనీకి వెళ్తోంది. పొద్దున ఆరింటికి బస్సెక్కి చీకటి పడ్డాక దిగే ఆ పిల్ల, మిగిలిన ఆ కాస్త టైంలోనే దూరవిద్యలో చదివి టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసింది. పోయిన నెల దగ్గర్లోని నర్సరీ స్కూల్ వాళ్ళు ఇంటర్వ్యూ చేసి, నువ్వే కావాలన్నారు. ఒక్క కాగితం తెమ్మన్నారు. పోలీసు సర్టిఫికెట్.

ఆ సర్టిఫికెట్‌లో మున్నీ పేరు కింద ఒక నేరం ఉంది. ఫోన్ మెసేజ్‌లో ఒక ఆడమనిషిని తిట్టిన కేసు. ఐదేళ్ళ కిందట జరిమానా కట్టి, ఇక అయిపోయిందనుకుని ఇంటికొచ్చారు. జరిమానా అయిపోయింది గానీ మచ్చ పోలేదు. ఆ మచ్చ తీసేయమని కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చని, అలాంటి కాగితాలు రాసిపెట్టే టైపింగ్ సెంటర్ దేవదాసు చెప్పాడు. కేసు పెట్టిన నాదియా క్షమించానని రాసిస్తే అర్జీకి బలం ఉంటుందన్నాడు. నాదియా ఇప్పుడు రుస్తాఖ్ అనే ఊళ్ళో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది. ఇవాళ అందరూ అక్కడికే బయల్దేరారు.

"'ఆ రోజు కోపంలో తప్పు మాట రాసినాను. మాఫ్ చెయ్యక్కా.' ఇంతే కదన్నా నేను చెప్పల్సింది?" మున్నీ అద్దం ముందు దుపట్టా సర్దుకుంటూ అడిగింది.

"అంతేమ్మా. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడాకు," అన్నాడు ఖాదర్‌వలి.

వంటింట్లో జైనబీ చేతిలో పీచు ఆగిపోయింది. ఆ మాట రాసింది మున్నీ కాదు. జైనబీ.

అప్పట్లో నాదియా పక్క పోర్షన్‌లోనే ఉండేది. నిజామాబాద్ వైపు మనిషి. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో బిడ్డ పోతే జైనబీయే పదిహేను రోజులు గంజి కాచి తీసుకెళ్ళింది. తర్వాత కొన్నాళ్ళకు జైనబీ ఇంట్లో టిఫిన్లు చేసి అమ్ముతోందని నాదియా ఇల్లుగలాయనకు చెప్పింది. ఆయన వచ్చి పొయ్యి ఆర్పించాడు. జైనబీకి ఒళ్ళు మండిపోయింది. తిడదామంటే నాదియా అప్పటికే ఆమె నంబర్ బ్లాక్ చేసింది. కంపెనీలోకి ఫోన్లు రానివ్వరని మున్నీ రోజూ ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్ళేది. జైనబీ ఆ ఫోన్ తీసుకుంది. నాలుగు ముక్కలు రాసి పంపి, వెంటనే చెరిపేసింది. నాదియా ఫోన్‌లో మాత్రం అవి చెరగలేదు.

పోలీసులు మున్నీని పిలిచేనాటికి జైనబీకి నెలలు నిండాయి. మెసేజ్ పోయిన పూట డ్యూటీలో ఉన్నానని కంపెనీ నుంచి కాగితం తెస్తే మున్నీ అక్కడికక్కడే బయటపడేది. ఖాదర్‌వలి చెల్లెలి చేతులు పట్టుకున్నాడు. "మీ వదినను ఈ స్థితిలో స్టేషన్‌కు ఎట్ల పంపేది? నువ్వే రాసినానని చెప్పు. జరిమానాతో పోతాది." మున్నీ ఏం రాశారని కూడా అడగలేదు. ఒప్పుకుంది.

జైనబీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "నేను రానులే. మీరు పోయిరాండి."

"నువ్వు లేకుంటే ఎట్ల వదినా?" అంది మున్నీ. "నాదియక్కకు బాగా తెలిసింది నువ్వే కదా. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం."

ఆ మాటలో ఎత్తిపొడుపేమైనా ఉంటే జైనబీ తట్టుకునేదే. లేదు. అదే ఆమె ప్రాణానికొచ్చింది.

రుస్తాఖ్‌లో ఆ దుకాణం తలుపు మీద మగవాళ్ళు లోపలికి రాకూడదని రాసి ఉంది. ఖాదర్‌వలి కొడుకుతో కారులోనే ఉండిపోయాడు. లోపల నాదియా కత్తెర పక్కన పెట్టి ఇద్దరినీ కూర్చోమంది. నీళ్ళిచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది.

మున్నీ తల వంచి, నేర్చుకున్న మాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. దేవదాసు టైపు చేసిచ్చిన కాగితం ముందుంచింది.

నాదియా కాగితం ముట్టుకోలేదు. "రాస్త చెల్లె. పిల్లలకు పాఠాలు చెప్తనంటున్నవ్, నేనెందుకు అడ్డంబడ్త? గానీ ఒక్కటి చెప్పు. గంత మాట నీకెట్ల రాయబుద్ధయింది?"

"కోపంలో అక్కా."

"కోపంల తిడ్తరు. తిడ్తే మర్చిపోతుంటి. నా కడుపుల పిల్లకు ఇఫ్రా అని పేరు వెట్టుకున్ననని గీ ఒమన్ మొత్తంల ఒక్కరికే చెప్పిన. మీ వదినకు. నీకామె చెప్పిందా?"

మున్నీ ముఖంలో ఏమీ లేదు. ఆ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. వదిన వైపు చూసింది.

"చెప్పవేంది?" అంది నాదియా. "'నీ ఇఫ్రా నీలాంటి తల్లి వద్దనుకునే పోయింది' అని రాసినవ్ గద. ఐదేండ్లాయె. ఒక్క దినం మర్వలే. గది నీకెట్ల తెల్సు?"

జైనబీ నోరు మూసుకుని కూర్చుంటే చాలు. మున్నీకి ఆ పేరు నేనే చెప్పానని ఒక చిన్న అబద్ధం ఆడితే ఇంకా మంచిది. కాగితం మీద సంతకం పడిపోతుంది. అర్జీ కదులుతుంది, మున్నీకి ఉద్యోగం వస్తుంది. జైనబీకి ఇదంతా ఒక్క క్షణంలో తోచింది. కానీ మున్నీ తన వైపు చూస్తున్న చూపు ఆమె భరించలేకపోయింది. ఆ పిల్ల ఇంకా తననే కాపాడాలని, దానికో మాట కోసం వెతుక్కుంటోంది.

"దానికి తెలీదు నాదియా," అంది జైనబీ. "ఆ మాట అది రాయలేదు. నేను రాసినాను. అది డ్యూటీలో ఉంటే దాని ఫోన్ తీసుకోని నేనే రాసినాను."

నాదియా అరవలేదు. "నాకు అన్మానముండె," అంది మెల్లగా. "గానీ నా మంచం పక్కన గూసోని గంజి దాపినదానివి గద. నువ్వు గట్లనవని మనసుకు నచ్చజెప్పుకున్న."

జైనబీ కిందికి జారి నాదియా కాళ్ళు పట్టుకోబోయింది. నాదియా కాళ్ళు వెనక్కి తీసుకుంది. కాగితం అందుకుని మున్నీ పేరు దగ్గర సంతకం చేసింది.

"గీ పిల్లను మాఫ్ చేసిన. అసల్ ఆమె తప్పే లేదు. నిన్ను మాఫ్ చేసిన అని మాత్రం అన, జైనబీ. ఎప్పుడన్న అనబుద్ధయితే నేనే ఫోన్ జేస్త. పోండ్రి."

కారు మబేలా దారి పట్టింది. దానిష్ నిద్రపోయాడు. జైనబీ జరిగింది చెబుతుంటే ఖాదర్‌వలి ముఖం నల్లబడింది.

"సంతకం వచ్చింది కదా," అన్నాడు చివరికి. "ఇంక ఆ మాట యాడా ఎత్తాకండి. కోర్టులో తెలిస్తే నీ మీద కేసు పడుతాది. ఈ పిలగాని గతేంది?"

"నువ్వుండన్నా." మున్నీ గొంతు ఎప్పుడూ అంత గట్టిగా లేచి ఉండదు. "వదినా, ఏందో రెండు తిట్లు తిట్టుంటావనుకున్యా. పోలీసాయన అరబ్బీలో చదివితే తలూపినా. చచ్చిపోయిన బిడ్డను పట్టుకోని అట్లాంటి మాటనా? ఇన్నేండ్లు ఆ మాట అన్నది నేనని ఆయమ్మ అనుకుంటా ఉండాదా?"

జైనబీ తల వంచుకుని అవునన్నట్టు ఆడించింది.

"ఇంతకు ముందు రెండు స్కూళ్ళలో ఉద్యోగం వచ్చింది నాకు. జీతం చాల్లేదని మీకు చెప్తి. చాలకపోవడం కాదు. ఈ కాగితం చూసి వాళ్ళే వద్దన్యారు. నీకు బాధయితాదని చెప్పలేదు. నువ్వొక్కసారైనా పిల్చి, మున్నీ, నా వల్ల ఇట్ల అయింది అంటావని చూసినా. ఒక్కసారి."

జైనబీ ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, కొడుకు లేస్తాడని చప్పుడు లేకుండా ఏడ్చింది. మంచి వదినలా ఈ ఐదేళ్ళూ మున్నీకి ఇష్టమైనవి వండిపెట్టింది, పండగకు ముందు దానికే బట్టలు తెచ్చింది, జ్వరమొస్తే తల దగ్గర కూర్చుంది. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు. వండిపెట్టి ఆ మాట ఎగ్గొట్టవచ్చనుకుంది.

అక్కడ ఆదివారం పనిదినమే గనుక మున్నీ కంపెనీకి సెలవు పెట్టింది. పొద్దున టైపింగ్ సెంటర్‌లో దేవదాసు నాదియా సంతకం చూసి సంబరపడ్డాడు. "ఇంకేం కావాలమ్మా? అర్జీ ఇవాళే పెట్టేద్దాం. ఆ రోజు కోపంలో రాశాను, పశ్చాత్తాపపడుతున్నాను అని ఉంది కదా, చాలు."

"అది తీసేయండి," అంది జైనబీ. "ఆ మాట రాసింది నేనని రాయండి. ఆ రోజు ఈ పిల్ల డ్యూటీలో ఉన్నట్టు కంపెనీ వాళ్ళ కాగితం తెస్తాము."

దేవదాసు కళ్ళజోడు తీసేశాడు. "అమ్మా, తప్పుగా అనుకోకండి. అలా రాస్తే మీరు ఇరుక్కుంటారు. అర్జీ ఆలస్యం కూడా కావచ్చు. ఇది ఉన్నదున్నట్టు పోతే మచ్చ ఎలాగూ పోయే అవకాశం ఉంది."

"మచ్చ పోతాది సార్. అయినా, చెయ్యని తప్పుకు ఈ పిల్ల మాఫీ అడిగినట్టే ఉంటాది."

ఖాదర్‌వలి గుమ్మం దగ్గర నిలబడి చెల్లెలి వైపు చూశాడు, నువ్వయినా వద్దని చెప్పు అన్నట్టు. మున్నీ చెప్పలేదు. స్కూల్ వాళ్ళు ఈ నెలాఖరు దాకానే చూస్తామన్నారని అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు. అయినా చెప్పలేదు. జైనబీకి అది సబబే అనిపించింది. ఇన్నేళ్ళూ తన కోసం నోరు మూసుకున్న పిల్ల, ఇప్పుడు తనను ఆపే బాధ్యత కూడా ఎందుకు మోయాలి?

"సరే, చెప్పండి," అన్నాడు దేవదాసు. "మీ పేరు?"

"షేక్ జైనబీ. ఖాదర్‌వలి భార్యను. నా ఆడబిడ్డ ఫోన్‌లో నుంచి..." అక్కడ ఆగిపోయి ఆమె బల్ల అంచు పట్టుకుంది.

మున్నీ లేచి తాను కూర్చున్న కుర్చీని ఆమె దగ్గరికి జరిపింది.

"కూర్చోని చెప్పు వదినా," అంది. "నిదానంగా చెప్పు. నేనిక్కడనే ఉంటాలే."